మస్తాన్‌బీ నూడుల్స్‌లో ముప్పై ఒక్క గ్రాములు

తినే ప్రతి వస్తువుకీ ఒక విలువ ఉంటుందనీ, ఆ విలువ తెలియకపోవడం వల్లే జనం ఏదిబడితే అది తినేస్తున్నారనీ ప్రభుత్వానికి ఎవరో చెప్పారు. చెప్పిందెవరో తెలీదుగానీ ప్రభుత్వం మాత్రం శ్రద్ధగా విన్నది. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చేసింది. ఇడ్లీ బండి దగ్గర్నించి ఏసీ హోటలు దాకా, అమ్మే ప్రతి పదార్థంలో ఎంత శక్తి, ఎంత ప్రోటీను, ఎంత కొవ్వు, ఎంత ఇనుము ఉన్నాయో బోర్డు రాసి కట్టాలి. బోర్డు లేని బండి రోడ్డెక్కకూడదు. ఆ లెక్కలు తేల్చి ముద్ర వేసి ఇవ్వడానికి జిల్లాకొక పోషక విలువల నిర్ధారణ కార్యాలయం వెలిసింది.

ఈ కథ జరిగిన జిల్లాలో ఆ కార్యాలయానికి సీనియర్ అనలిస్టుగా వచ్చినవాడు దేవసహాయం. యాభై దాటిన మనిషి. ఊరి చివరి పేటలో పుట్టి, హాస్టళ్లలో పెరిగి, కెమిస్ట్రీ చదువుకుని పైకొచ్చాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్లింట్లో పెద్దకూర వండుతారు. పెద్దకూర అంటే బీఫు. పేటలో ఆ మాట వీధి ఈ చివర్నించి ఆ చివరికి అరిచి మరీ చెప్పుకునేవాళ్లు. ఉద్యోగంలో చేరాక, ఎవరైనా అడిగితే దేవసహాయం 'నాన్‌వెజ్' అనడం నేర్చుకున్నాడు. మరీ గుచ్చి అడిగితే 'ఆదివారం కదండీ, ఏదో వండారు' అనేవాడు. అలా అనీ అనీ ఇరవై ఏళ్ల సర్వీసు ప్రశాంతంగా గడిచింది.

కార్యాలయం మొదట్లో జోరుగా నడిచింది. బొండాలు, పునుగులు, గారెలు వరసగా త్రాసెక్కాయి. మిరపకాయ బజ్జీలో సరుకు కన్నా నూనె ఎక్కువని శాస్త్రీయంగా రుజువైంది. బోర్డు కట్టిన రోజునించీ బజ్జీల బేరం పెరిగింది, ఎందుకంటే 'శక్తి' అన్నచోట అంకె చాలా పెద్దదిగా ఉంది. అంత శక్తి అంత చవగ్గా దొరుకుతుందని జనానికి అప్పటిదాకా తెలీదు.

అట్లాంటి రోజుల్లో మస్తాన్‌బీ వచ్చింది. బస్సు డిపో గోడ పక్కన, ఆడపిల్లల హాస్టలు వెనకాల ఆమె నూడుల్స్ బండి. బలమైన మనిషి, గొంతు ఇంకా బలమైనది. స్టీలు గిన్నె మీద ప్లేటు బోర్లించి తెచ్చి దేవసహాయం బల్ల మీద పెట్టింది.

"బోర్డు లేదని బండి ఆపేశారు సారూ. దీన్లో ఏముందో రాసిస్తే నా దారిన నే పోతా."

"ఏమేం వేస్తావమ్మా?"

"నూడుల్సు, క్యాబేజీ, క్యారెట్టు, ఉల్లికాడలు, బీఫు. ఇంకేముంది, కాస్త మిరియాలు."

హాల్లో టైపు కొడుతున్న చప్పుడు ఆగింది. నలుగురూ తలెత్తి చూసి, ఏమీ విననట్టు మళ్లీ తలలు దించుకున్నారు. దేవసహాయం గిన్నె మూత తీశాడు. ఆ వాసనకి ఆయన కడుపులో ఆదివారం కదిలింది. మొహం మాత్రం బుధవారంలాగే పెట్టుకుని గిన్నె లోపలికి పంపించాడు.

పరీక్ష ఫలితం చూసి ఆయనకి ముచ్చటేసింది. ప్లేటుకి ప్రోటీను ముప్పై ఒక్క గ్రాములు. ఇనుము సమృద్ధి. కూరగాయల పీచు ఉంది, కొవ్వు మితంగా ఉంది. ఆ కార్యాలయం త్రాసు మీదికి అంతకన్నా మంచి తిండి అప్పటిదాకా రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాసి డైరెక్టరుగారికి పంపాడు.

డైరెక్టరు డాక్టర్ పరాంకుశంగారు భాష విషయంలో చాలా పట్టింపు గల మనిషి. దేవసహాయాన్నీ, సూపరింటెండెంటు మందేశ్వరరావునీ గదిలోకి పిలిపించారు.

"దేవసహాయంగారూ, ఇది ప్రభుత్వ కార్యాలయం. దీనికొక పరిభాష ఉంటుంది. ఆ పరిభాషలో ఈ పదం లేదు."

"పదం లేకపోయినా ప్లేట్లో ముక్కలున్నాయి సార్."

"ఉండనివ్వండి. నేను ముక్కలకు వ్యతిరేకిని కాను. పదానికి మాత్రమే వ్యతిరేకిని."

"దున్నపోతు మాంసమే సార్. లైసెన్సున్న కొట్లోంచే తెస్తోంది. చట్టానికి అభ్యంతరం ఏమీ లేదు."

"చట్టానికేమండీ, దానికి ట్రాన్స్‌ఫర్లు ఉండవు," అన్నారు పరాంకుశంగారు.

సూపరింటెండెంటు మందేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. ఎంత ముళ్లకంపలోంచైనా ఫైలుని చిరక్కుండా లాగగల మనిషని ఆయనకి పేరు. "నూడుల్స్, క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు మొదలగునవి అని రాద్దాం సార్. మొదలగునవిలో ఏదైనా ఉండొచ్చు. మనం ఉందనీ అన్నట్టు కాదు, లేదనీ అన్నట్టు కాదు."

డైరెక్టరుగారి మొహం వికసించింది. దేవసహాయం మళ్లీ రాసి సంతకం పెట్టాడు. ఒక్క మాటే కదా, అంకెలు మారలేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఫైలు రాజధానికి వెళ్లింది. అక్కడ ప్రధాన కార్యాలయంలో 'అస్పష్ట పదములు వాడరాదు' అని ఒక నిబంధన ఉంది. దాని ప్రకారం ఎవరో 'మొదలగునవి' మీద ఎర్ర సిరాతో గీత కొట్టారు. ముద్ర పడి, బోర్డు తయారై తిరిగొచ్చింది.

మస్తాన్‌బీ ఆ బోర్డుని పైకీ కిందికీ చూసింది. "క్యాబేజీ నూడుల్స్, ప్రోటీను ముప్పై ఒకటి. మరి బీఫు ఏదీ?"

"అందులోనే ఉందమ్మా."

"ఎందులో?"

"అంకెలో," అన్నాడు దేవసహాయం, ఆమె కళ్లలోకి చూడకుండా.

కథ అక్కడితో ఆగితే ఎవరికీ నష్టం లేకపోయేది. కానీ ఏడాది చివర ప్రధాన కార్యాలయం వాళ్లు రాష్ట్రంలోని అన్ని బోర్డులనీ ఒక పట్టికగా చేశారు. శాకాహారాల్లో అన్నిటికన్నా పైన, పప్పునీ పనీరునీ సోయానీ ఎక్కడో కిందికి తోసేసి, ఒక జిల్లా కేంద్రంలోని క్యాబేజీ నూడుల్స్ కూర్చుంది. పోషణ శాఖ మంత్రిగారు ఆ పట్టిక చూసి కుర్చీలోంచి లేచారట. మన నేలలో ఇంత మహత్తు ఉంటే ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదని అడిగారట.

విలేకరుల సమావేశంలో ఒకతను లేచి, క్యాబేజీలోకి అంత ప్రోటీను ఎక్కణ్ణించి వచ్చిందని అడిగాడు. పరాంకుశంగారు మైకు దగ్గరికి జరిగారు. "విడివిడిగా చూస్తే రాదు. ఇది సంయోగ ఫలం. నూడుల్స్ స్వభావరీత్యా చుట్టలు చుట్టుకొని ఉండును. ఆ చుట్టలలో పోషకములు చిక్కుకొనును. ఇడ్లీ వంటి వాటిలో చుట్టలు లేకపోవుటచే జారిపోవును."

విలేకరి రాసుకున్నాడు. మర్నాడు అన్ని పేపర్లలో వచ్చింది. ఊళ్లో పెళ్లిభోజనాల్లో చుట్టలున్న పదార్థాలకి గిరాకీ పెరిగింది. జిలేబీ వాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకున్నారు. దేవసహాయానికి శాలువా కప్పి, ఇత్తడి జ్ఞాపిక చేతిలో పెట్టారు. శాలువా భుజాల మీద ఎండాకాలంలా మండింది. అయినా చప్పట్లు కొడుతున్నంతసేపూ నవ్వుతూ నిలబడ్డాడు.

వారం తిరక్కుండా 'బలతీగ' అని ఒక పథకం ప్రకటించారు. ప్రభుత్వ హాస్టళ్లలో పిల్లలందరికీ రోజూ రాత్రి క్యాబేజీ నూడుల్స్ పెట్టాలి. దాంతోపాటు ఇంకో ఉత్తర్వు వచ్చింది: 'ముప్పై ఒక్క గ్రాముల ప్రోటీను లభ్యమగుచుండగా మరల గుడ్డు అందించుట ద్వంద్వ వ్యయమగును. కావున గుడ్డు రద్దు చేయడమైనది.'

బలతీగ ప్రభుత్వ గుర్తింపు పొందిన వంటకం అయింది కాబట్టి, అమ్మేవాళ్లు దాన్ని సరిగ్గా వండుతున్నారో లేదో చూడ్డానికి తనిఖీలు మొదలయ్యాయి. మొదటి తనిఖీ మస్తాన్‌బీ బండికే జరిగింది. ప్లేటులో ముక్కలు కనబడ్డాయి. గుర్తింపు పొందిన బలతీగలో అన్యపదార్థం కలిపి కల్తీ చేసిందని కేసు రాసి బండి ఎత్తుకుపోయారు.

ఆమె నోటీసు పట్టుకుని నేరుగా దేవసహాయం ఇంటికొచ్చింది.

"నా వంటలో నేనే కల్తీ చేశానంట. ఇదేం మాట సారూ? అమ్మి పిల్లల్ని సాకినదాన్ని, ఇప్పుడు కోర్టుకి రమ్మంటున్నారు. 'అన్యపదార్థం' అంటే ఏందో మీరైనా చెప్పండి."

దేవసహాయం నోటీసు చదివి, మడిచి తిరిగిచ్చాడు. కుర్చీ వేసి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. "మీరు మంచోళ్లనుకున్నా," అని మాత్రం అని మెట్లు దిగిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

నాలుగు నెలలయ్యాక బలతీగ విజయాన్ని కొలవమని ఆయన్ని డిపో దగ్గరి ఆ ఆడపిల్లల హాస్టలుకి పంపారు. పిల్లలు వరండాలో వరసగా నిలబడ్డారు. మొహాలు పాలిపోయి ఉన్నాయి. చేతులు చూపించమంటే గోళ్లు తెల్లగా ఉన్నాయి. పొద్దున ప్రార్థనలో రోజూ ఒకరిద్దరు పడిపోతున్నారని వార్డెను మెల్లగా చెప్పింది. పదో తరగతి చదివే సువార్త అనే పిల్ల బరువు చూసే యంత్రం ఎక్కబోయి ఆయన చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. కళ్లు తిరుగుతున్నాయంది.

"అన్నం తినడం లేదా తల్లీ?"

"తీగలు తింటన్నాం సార్. ఎంత తిన్నా కడుపులో ఏం నిలబడదు. గుడ్డు ఎప్పుడిస్తారు సార్?"

ఆయన నివేదిక చూసి పరాంకుశంగారు చాలాసేపు ఆలోచించారు. చివరికి అన్నారు: "మనం ప్రోటీను పంపితిమి. అది వారికి చేరలేదు. అనగా లోపము సరఫరాలో లేదు, గ్రహణములో ఉన్నది."

ఆ విధంగా హాస్టళ్లలో 'గ్రహణ తరగతులు' మొదలయ్యాయి. భోజనానికి ముందు పిల్లలు గంటసేపు చేతులూ కాళ్లూ ఆడిస్తూ, పోషకాలను లోపలికి ఆహ్వానించాలి. నేర్పడానికి ఈలతో ఒక మాస్టారిని వేశారు. రెండో వారానికి ఆ మాస్టారు ఈల వేయడానికి ముందే పిల్లలు పడిపోవడం మొదలైంది. దీన్ని ప్రధాన కార్యాలయం 'పిల్లల్లో పెరిగిన చురుకుదనం' అని నమోదు చేసింది, ఎందుకంటే ఆ పట్టికలో 'కదలిక' అనే గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

ఆదివారం వచ్చింది. దేవసహాయం భార్య మరియరత్నం ఎప్పట్లాగే పెద్దకూర వండి వడ్డించింది. ఆయన ముద్ద కలిపాడుగానీ నోటిదాకా తీసుకెళ్లలేదు.

"పిల్లలకి గుడ్డు తీసేసింది నీ సంతకం మీదేనంటగా," అంది ఆమె. "మందిరంలో ఆడవాళ్లు అడిగారు. ఏం చెప్పను?"

"నేను సంతకం పెట్టింది అంకెల మీద. అంకెలు తప్పు కాదు."

"మరి అంత మంచి అంకెకి ఆ పిల్లలెందుకు పడిపోతన్నారు?"

ఆయన కలిపిన ముద్దనే మళ్లీ కలిపాడు.

"ఈ కూర తినే నువ్వు చదువుకున్నావు," అంది మరియరత్నం నింపాదిగా. "దీని పేరు నలుగుర్లో చెప్పలేకపోతే పోనీలే, అది మన మొహమాటం అనుకుందాం. నీ మొహమాటానికి వాళ్ల పిల్లలు పస్తుండాల్నా?"

దేవసహాయం కంచం దగ్గరికి లాక్కున్నాడు. కూర అంతా శుభ్రంగా తిన్నాడు. సోమవారం ఆఫీసుకెళ్లి కొత్త నివేదిక రాశాడు. అందులో పరిభాష లేదు. 'మస్తాన్‌బీ తెచ్చిన ప్లేటులో బీఫు ఉంది. ప్రోటీనులో ముప్పాతిక వంతు దానిదే. బలతీగలో బీఫు లేదు. కాబట్టి ఆ ప్రోటీను కూడా లేదు. పిల్లలకు వెంటనే గుడ్డు ఇవ్వాలి.' కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాడు.

కార్యాలయంలో అల్లకల్లోలమైంది. ఫైలుని చేత్తో ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అట్టపెట్టె మూతలో పెట్టి డైరెక్టరుగారి గదికి మోసుకెళ్లారు. బీరువా మీద పసుపునీళ్లు చల్లారు. కంప్యూటరు మీద చల్లబోతుంటే ఎలక్ట్రీషియను అడ్డం పడ్డాడు. సాయంత్రానికి దేవసహాయం సస్పెండు అయ్యాడు. అభియోగ పత్రంలో ఇలా ఉంది: 'సదరు ఉద్యోగి, ప్రభుత్వ నివేదికయందు, రాయకూడని సదరు పదమును, సదరు ఉద్దేశముతో రాసియున్నాడు.'

విచారణకి రాజధాని నుంచి నీలాద్రిరావుగారనే పెద్ద అధికారి వచ్చారు. సాక్షిగా మస్తాన్‌బీని కూడా పిలిపించారు. సాక్ష్యం రాసుకోవడానికి స్టెనోగ్రాఫరు కూర్చున్నాడు.

"దేవసహాయంగారూ, మీరు ఆ పదం రాశారా?"

"ఏ పదం సార్?"

"అదే. మీకు తెలుసు."

"నేను చాలా పదాలు రాశాను సార్. 'గుడ్డు' అని కూడా రాశాను. ఏ పదానికి సస్పెండు చేశారో చెబితే ఒప్పుకుంటాను."

నీలాద్రిరావుగారు డైరెక్టరుగారి వైపు చూశారు. డైరెక్టరుగారు కిటికీ వైపు చూశారు. పదాన్ని చదివితే రికార్డులోకి ఎక్కుతుంది. రికార్డులోకి ఎక్కితే, ఎక్కించినందుకు నీలాద్రిరావుగారి మీద కూడా ఇదే అభియోగం వస్తుంది.

"ఏమ్మా, నువ్వు ఆ ప్లేటులో కలిపిన అన్యపదార్థం ఏమిటి?" అని ఆయన మస్తాన్‌బీ వైపు తిరిగారు.

"అన్యపదార్థం కాదు సారూ, బీఫు," అంది మస్తాన్‌బీ. స్టెనోగ్రాఫరు కలం ఎత్తి పట్టుకున్నాడు. "రాసుకో బాబూ, బీఫు. రాలేదా? బీ, ఫు." అతను చిన్న గీత గీశాడు. "గీత కాదయ్యా, బీఫు!" అతను ఇంకో గీత గీశాడు. ఆమె వివరంగా చెప్పే కొద్దీ సాక్ష్యం గీతలతో నిండిపోయింది. మధ్యాహ్నానికి ఆ కాగితం మీద చదవడానికి మిగిలిన మాటలు 'సారూ', 'రాసుకో బాబూ', ఇంకా 'మిరియాలు'.

రెండ్రోజులు తలపట్టుకున్నాక నీలాద్రిరావుగారు తీర్పు రాశారు. ఆరోపించిన పదం విచారణ రికార్డులో ఎక్కడా లేనందున దేవసహాయం అది రాసినట్టు రుజువు కాలేదు. కలిపిన పదార్థం పేరు రికార్డులో లేనందున మస్తాన్‌బీ దేన్నీ కలిపినట్టు రుజువు కాలేదు. ఇద్దరి మీదా కేసులు ఎత్తివేయడమైనది. మస్తాన్‌బీకి బండి తిరిగిచ్చారు, ఒక చక్రం లేకుండా.

పోతే బలతీగ. దాన్ని ఆపాలంటే కారణం రాయాలి. కారణం రాయాలంటే ఆ పదం రాయాలి. కాబట్టి పథకం ఆగలేదు. రద్దయిన గుడ్డుని మళ్లీ తెస్తే రద్దు చేయడం తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. కానీ పేపర్లలో పిల్లల ఫొటోలు పడుతున్నాయి. వారం రోజుల తర్జనభర్జనల తర్వాత కొత్త ఉత్తర్వు వచ్చింది: 'పోషకముల గ్రహణమును మెరుగుపరచు నిమిత్తం, ప్రతి విద్యార్థికి బలతీగతోపాటు ఒక ఉడికించిన గ్రహణ సహాయక గోళము అందజేయవలెను.'

గోళం వచ్చిన రోజు సువార్త దాని పెంకు వలిచి రెండు కాట్లలో తినేసి, ఇంకోటి ఉందా అని అడిగింది. తీగల్ని పిల్లలు గోడ అవతల పారబోసేవాళ్లు. అక్కడి కోళ్లు వాటిని మేసి బాగా బలిశాయి. వాటి గుడ్లనే కాంట్రాక్టరు కొని హాస్టలుకి సరఫరా చేశాడు. కాబట్టి బలతీగలో పోషకం లేదని ఎవరూ అనడానికి వీల్లేదు, కాస్త చుట్టు తిరిగి వచ్చేది, అంతే. పిల్లలు కోలుకున్నారు. పరాంకుశంగారికి రాష్ట్రస్థాయి అవార్డు వచ్చింది.

దేవసహాయాన్ని తాగునీటి విభాగానికి బదిలీ చేశారు. నీళ్లలో ప్రోటీను ఉండదు, పేరు విషయంలో పేచీలు ఉండవు. ఆర్డరు చేతికొచ్చిన సాయంత్రం ఆయన డిపో గోడ దగ్గరికి నడిచాడు. మస్తాన్‌బీ బండికి చక్రం స్థానంలో ఇటికలు పేర్చి ఉన్నాయి. పెనం కింద మంట భగభగమంటోంది. బస్సుల కోసం ఎదురుచూసే జనం చాలామందే ఉన్నారు. ఆఫీసు వాళ్లు ఇద్దరు ముగ్గురు పక్కన బజ్జీలు తింటున్నారు.

ఆమె ఆయన్ని చూసి తల తిప్పుకోలేదు. అంతవరకు నయమనుకున్నాడు.

"ఏం కావాల సారూ?"

"బీఫ్ నూడుల్స్. ఒక ప్లేటు. ముక్కలు ఎక్కువ వెయ్యి," అన్నాడు దేవసహాయం, అందరికీ వినబడేలా. జీవితంలో ఆ మాట రోడ్డు మీద అంత గట్టిగా అనడం అదే మొదలు.  బజ్జీలు తింటున్నవాళ్లు తిరిగి చూశారు. ఆకాశం ఊడిపడలేదు. మస్తాన్‌బీ నవ్వి ప్లేటు నిండా పెట్టింది. ఆయన అక్కడే నిలబడి తినడం మొదలుపెట్టాడు.

బజ్జీల దగ్గరి గుంపులోంచి సూపరింటెండెంటు మందేశ్వరరావు మెల్లిగా ఇటు జరిగాడు. రోడ్డుకి రెండువైపులా చూశాడు. ప్లేటులోకి చూశాడు. ఒక గుటక మింగాడు.

"నాకూ ఒకటి కట్టివ్వమ్మా," అన్నాడు.

"ఏం కట్టమంటారు?"

"అదే. సారుకి పెట్టావే, అది."

"అదంటే ఏదో నోటితో చెప్పండి, కట్టిస్తా."

మందేశ్వరరావు ఆమె వైపు వంగి, జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో గొణిగాడు.

"వినపడలా," అంది మస్తాన్‌బీ పెనం మీద గరిట ఆడిస్తూ. "గట్టిగా."